జకరయ్య చీటీ

మా మందిరంలో శుక్రవారం ఉపవాస కూటానికి ఒక పద్ధతి ఉంది. ఎవరికి ఏ కష్టమున్నా ఒక చీటీ మీద రాసి బిస్కెట్ల రేకు డబ్బాలో వెయ్యాలి. పాటలు, వాక్యం అయ్యాక సంఘపెద్ద దేవదానం అన్న ఆ డబ్బా తెరిచి ఒక్కో చీటీ చదువుతాడు. చదివి, కళ్లజోడు పైనుంచి అందరినీ ఒకసారి చూసి, "ఎవురు మోస్తారు?" అని అడుగుతాడు. ఎవరో ఒకరు చెయ్యెత్తి చీటీ అందుకుంటారు. అందుకున్నవాళ్లు అక్కడే నిలబడి గట్టిగా ప్రార్థన చెయ్యాలి. తర్వాత దాన్ని ఇంటికి పట్టుకుపోయి వారమంతా ఆ మనిషి కోసం మోకాళ్లేసి, మళ్లీ శుక్రవారం తెచ్చి డబ్బాలో వెయ్యాలి. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మంచంతో సహా మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి యేసు ముందు దించారు కదా, అక్కడినుంచి తీసుకున్న పద్ధతి ఇది. జవాబు వచ్చినవాళ్లు లేచి సాక్ష్యం చెబితే చీటీ వాళ్ల చేతికిచ్చేస్తారు. సాక్ష్యం చెప్పనంత కాలం అది ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంటుంది.

నా చీటీ పదకొండేళ్లు తిరిగింది. "దానమ్మ భర్త జకరయ్య మనసు మారి ఇంటికి తిరిగి రావాలి" అని ఒక్క వాక్యం. మూడుసార్లు చిరిగిపోతే మూడుసార్లూ నేనే కొత్తగా రాశాను. మందిరంలో దాన్ని మోయని మనిషి లేడు. మా వీధిలోనే ఉండే సువార్తమ్మక్క ఒకసారి దాన్ని మిరప్పొడి డబ్బాలో దాచి మరిచిపోయింది. మరుసటి శుక్రవారం దేవదానం అన్న నా మొగుడి పేరు చదవడానికి మూడుసార్లు తుమ్మాల్సి వచ్చింది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, దాచి దాచి చివర్లో విప్పే ఓపిక నాకు లేదు. జకరయ్య చనిపోయి రెండేళ్లయింది. ఆ సంగతి నాకు తెలుసు, మందిరంలో ఇంకెవరికీ తెలియదు. ఆ రెండేళ్లూ నలభై మంది విశ్వాసులు పస్తులుండి, మన్నులో ఉన్న మనిషిని ఇంటికి పంపమని దేవుణ్ణి అడిగారు. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేయడం మా బోధలో లేదు. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, దాని మీద ఏడాదికొకసారి గట్టిగా ప్రసంగం చేస్తారు. ఆ ప్రసంగాన్ని నేను ముందు వరసలో కూర్చుని విన్నాను. చివర్లో ఆమెన్ కూడా అన్నాను.

జకరయ్య రాతి మీద అక్షరాలు చెక్కేవాడు. సమాధి రాళ్లు, గుడి మెట్ల మీద దాతల పేర్లు, బడి గోడకు పెట్టే పలకలు, ఏదైనా ఆయనకు ఒకటే. మాట తక్కువ మనిషి. ఆ తక్కువను నేను పూడ్చేదాన్ని. మాకు పిల్లలు లేరు. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు, నేనూ కాదనను. ఒకరోజు పప్పులో ఉప్పు దగ్గర మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయింది. "నువ్వుండేదీ ఒగటే, ల్యాకుండేదీ ఒగటే" అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని, ఉలుల సంచి భుజాన వేసుకుని ఆళ్లగడ్డ పోయాడు. అక్కడ విగ్రహాలు చెక్కే షెడ్లు వరసగా ఉంటాయి, చెయ్యి తిరిగినవాడికి పని దొరుకుతుంది. మూడు నెలల పని అని కబురు పెట్టాడు. మూడు నెలలయ్యాక జానకమ్మ అనే ఆమె ఇంట్లో ఉంటున్నాడని ఇంకో కబురు వచ్చింది.

ఎక్కడున్నాడో తెలియని మనిషి కోసం కనిపెట్టుకుని ఉండడం వేరు. నాకు ఎక్కడున్నాడో తెలుసు. మా నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంట, ఇంకాస్త. పొద్దున పోతే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. నేను పోలేదు. నేను పిలిస్తే వచ్చే మొగుడు వచ్చినట్టు కాదు, దేవుడే మనసు మార్చి తేవాలి అనుకున్నాను. దానికి విశ్వాసం అని పేరు పెట్టుకుని చీటీ రాసి డబ్బాలో వేశాను. అది వట్టి పొగరు. పొగరుకు తెల్లచీర కట్టి మందిరానికి తీసుకుపోతే ఎవరూ గుర్తుపట్టరు.

నేను ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తాను. బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం ఊళ్లూళ్ల నుంచి వచ్చే పిల్లలు, నూట పది మంది. శుక్రవారం గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా నూట పది మందికి తాలింపు వెయ్యడం ఎలా ఉంటుందో ఉపవాసం మీద ప్రసంగాలు చేసేవాళ్లు ఒక్కసారి వేసి చూడాలి. పని ఉన్నంతసేపూ "ఆంటీ సాంబారు, ఆంటీ ఇంకో గరిటె" అని గొంతులే గొంతులు. ఆ తర్వాత గదికొచ్చి తాళం తీస్తే ఏమీ ఉండదు. పొయ్యితో పోట్లాడతాను. ఒక పండక్కి హాస్టలు మూడు రోజులు మూశారు. నాలుగో రోజు కూరగాయల బండి దగ్గర వంకాయలు ఎంత అని అడగబోతే గొంతు బొంగురుగా వచ్చింది. మూడు రోజులుగా నా నోట్లోంచి ఒక్క మాటా రాలేదని అప్పుడు తెలిసింది. నా అంత నోరున్న మనిషి! ఇంటికొచ్చి ఏడ్చాను.

లూకా సువార్తలో ఒక విధవరాలి ఉపమానం ఉంది. దేవుడికి భయపడని, మనుషులను లెక్కచేయని ఒక న్యాయాధిపతి దగ్గరికి మాటిమాటికీ పోయి, నాకు న్యాయం చెయ్యమని విసిగిస్తుంది. విసిగిపోయి చివరికి ఆయన చేస్తాడు. ప్రార్థనలో అలసిపోకూడదని చెప్పడానికి ఆ కథ. అయ్యగారు ఆ వాక్యం తీసినప్పుడల్లా, "మన దానమ్మను చూడండి" అనేవారు. అందరూ తలలు తిప్పి చూసేవాళ్లు. నాకు మాత్రం ఆమె సంగతి ఇంకోలా అర్థమైంది. ఆమె రోజూ ఎందుకు పోయేదో నాకు తెలుసు. ఇంట్లో ఎవరూ లేరు. అక్కడికి పోతే ఆ పెద్దమనిషి కనీసం కసురుకుంటాడు, "మళ్లీ వచ్చావా" అంటాడు. మళ్లీ వచ్చావా అనే మనిషి ఒక్కడున్నా బతకొచ్చు.

రెండేళ్ల కిందట ఒక మంగళవారం, హాస్టల్లో గిన్నెలు బోర్లిస్తుంటే కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది.

"దానమ్మేనా?"

"నువ్వెవురు?"

"జానకమ్మను. ఆళ్లగడ్డ. ఆయప్ప మొన్న పోయినాడు. గుండె పట్టుకున్యాది, ఆస్పత్రికి తీస్కపోయేలోపలే అయిపోయినాది. నీ నంబరు ఆయప్ప ఫోన్లో ఇప్పుడు సూసినా. చెప్పల్ల గదా."

మరుసటి రోజు బస్సెక్కాను. తొమ్మిదేళ్లు ఎక్కని బస్సు. దారంతా జానకమ్మను తిట్టాల్సిన మాటలు వరసగా పేర్చుకుంటూ పోయాను. షెడ్ల వెనక రేకుల ఇల్లు, బయట సగం చెక్కిన రాళ్లు. ఆమె నాకంటే సన్నగా, నాకంటే నల్లగా ఉంది, కళ్లు వాచి ఉన్నాయి. చెంబుతో నీళ్లిచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తిట్టల్లనుకుంటే తిట్టుమ్మా. నేనేమీ అనుకోను" అంది.

అలా అన్నాక ఎవరైనా ఏం తిడతారు? పేర్చుకున్నదంతా కూలిపోయింది. ఆమే మొదలుపెట్టింది.

"ఆయప్ప శుక్రారం అన్నం ముట్టేటోడు కాదు, తెల్సునా నీకు?"

"ఎందుకంట?"

"మీ ఊరి మేస్త్రీ ఎవురో చెప్పినాడంట, నీ పెండ్లాము నీ పేరు మింద పస్తుంటాంది, గుడంతా పస్తుంటాండారు అని. అప్పట్నుంచి ఆయప్ప కూడా నీళ్లు తాగి పండుకునేటోడు. వాళ్లట్ల కడుపు కాల్చుకుంటాంటే నేనెట్ల తినేది అన్యాడు."

"మల్ల ఎందుకు రాల్యా?"

జానకమ్మ నా ముఖంలోకి చూసింది. "నేనూ అదే అడిగినా. నన్ను దేవున్ని అడుగుతాండాది గానీ నన్ను అడగల్యా గదా అన్యాడు. పొమ్మన్న నోరే రమ్మనల్ల అన్యాడు."

రెండు ఇళ్లలో పస్తులు. మధ్యలో గంట బస్సు. తొమ్మిదేళ్లు దేవుడు ఈ ఇద్దరు మొండివాళ్ల మాటలు విని ఏమనుకున్నాడో నాకు తెలియదు. వాళ్ల శ్మశానంలోనే ఒక మూల ఆయన్ను పెట్టి, జానకమ్మ ఎవరినో అడిగి ఒక చెక్క శిలువ పాతించింది. అక్కడ నిలబడి "రా" అన్నాను. అప్పుడు అన్నాను.

ఆ శుక్రవారమే సాక్ష్యం చెప్పేయాలనుకుని మందిరానికి పోయాను. నిజంగానే అనుకున్నాను. దేవదానం అన్న చీటీ చదివాడు, సువార్తమ్మక్క అందుకుంది. "ప్రభువా, మా దానమ్మ కన్నీళ్లు సూడు, మా దానమ్మను మర్సిపోవద్దు" అని మైకు అక్కర్లేని గొంతుతో ప్రార్థన చేసింది. నలభై మంది ఆమెన్ అన్నారు. వారం మొత్తంలో నా పేరు ఇంకో మనిషి నోట వినబడేది అక్కడొక్కచోటే. హాస్టల్లో నేను ఆంటీని, బండి దగ్గర అమ్మను. చీటీ బయటికి తీస్తే నా పేరు కూడా దానితోపాటే పోతుందని భయమేసింది. వచ్చే వారం చెబుదాం అనుకున్నాను. బైబిల్లో దేవుని ముందు అబద్ధమాడిన అననీయ, సప్పీరా అక్కడికక్కడే పడి చచ్చారు. నేను చావలేదు. ఇంటికొచ్చి రొట్టె కాల్చుకుని తిన్నాను.

ఆ తర్వాత నెలలోనే లూదియా వచ్చింది. ఉయ్యాలవాడ దగ్గరి పిల్ల, ఇరవై ఏడేళ్లు. మా హాస్టల్లో చేరి కోచింగ్ తీసుకుంటోంది. పెళ్లయి ఏడాదికే మొగుడు ఆమెను ఈ హాస్టల్లో దించి, బెంగుళూరులో పని దొరికిందని పోయి, మెల్లగా ఫోన్లు మానేసి, చివరికి నంబరే మార్చేశాడు. నేనే మందిరానికి తీసుకుపోయాను, చీటీ రాయించాను. శుక్రవారం కూటం అయ్యాక ఇద్దరం కలిసి నా గదికి వచ్చి ఉపవాసం విడిచేవాళ్లం. జొన్నరొట్టె, వేరుశనగ బుడ్డల పొడి, ఉంటే ఇంత వంకాయ కూర. నేను పొయ్యిని తిడుతుంటే పగలబడి నవ్వేది. "పెద్దమ్మా, ఇట్ల తిడితే గ్యాసు సిలిండరు గూడా ఇల్లొదిలి పోతాది" అనేది. నా మీద అలాంటి మాట వేయగలిగిన మనిషి ఇంకొకరు లేరు. వారంలో ఆరు రోజులు ఆ ఒక్క మధ్యాహ్నం కోసమే గడిచేవి.

మొన్న శ్రావణంలో లూదియాకు క్లర్కు ఉద్యోగం వచ్చింది. కదిరిలో పోస్టింగు. కాగితం తెచ్చి నా రొట్టెల పళ్లెం పక్కన పెట్టింది.

"ఈ సోమారం కాదు, పై సోమారం జాయిన్ కావల్లంట పెద్దమ్మా. నేను పోను."

"పోవా? రెండేండ్లు రెప్పేయకుండా సదివి ఇప్పుడు పోనంటావేం పాపా?"

"ఆయన తిరిగొస్తే ఈ అడ్రసే తెల్సు. ఈడికే వస్తాడు. నువ్వు పదకొండేండ్లు కదలకుండా కనిపెట్టుకోని ఉండావ్. నేను రెండేండ్లకే పోతే అదేం విశ్వాసం?"

అప్పుడే చెప్పాల్సింది. ఎదురుగా కూర్చుని ఉంది, గదిలో మేమిద్దరమే ఉన్నాం. నేను ఇంకో రొట్టె తీసి ఆ పిల్ల పళ్లెంలో వేశాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషమేసింది. లూదియా ఎక్కడికీ పోదు, వచ్చే శుక్రవారమూ ఈ చాప మీదే కూర్చుంటుంది అని నా కడుపులో చల్లగా అయింది. ఆ పిల్ల పోయాక ఆ చల్లదనాన్ని చూసుకుని భయపడ్డాను. ఒకప్పుడు ఒక మనిషిని నా నోటితో పోగొట్టుకున్నాను. ఇప్పుడు నోరు మూసుకుని ఇంకో మనిషి బతుకు తినేస్తున్నాను.

వారమంతా నాకు నిద్ర లేదు. రూతు గ్రంథం తీశాను. మొగుడూ కొడుకులూ చచ్చిపోయిన నయోమి, ఇద్దరు కోడళ్లనూ మీ పుట్టిళ్లకు పొండి అంటుంది. ఆమెకు మాత్రం తోడు వద్దా? తన ముసలితనం కోసం వాళ్ల వయసు తీసుకోకూడదనే కదా పొమ్మన్నది. ఒక కోడలు రూతు పోలేదని అందరూ ప్రసంగాలు చేస్తారు. పొమ్మని చెప్పడానికి నయోమికి ఎంత ఖర్చయిందో ఎవరూ చెప్పరు. ఆమె చెప్పగలిగింది, నేను చెప్పలేకపోతున్నాను.

శుక్రవారం వచ్చింది. సోమవారానికి ముందు అదే ఆఖరి కూటం. సాక్ష్యాల వేళ లూదియా లేచింది. దేవుని మీద ఆనుకుని ఉద్యోగం వదులుకుంటున్నానని, దానమ్మ పెద్దమ్మే తనకు మాదిరి అని చెప్పింది. స్తోత్రం స్తోత్రం అన్నారు. ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. ఈ రోజుల్లో ఇలాంటి బిడ్డలు అరుదని అయ్యగారు మెచ్చుకున్నారు. తర్వాత దేవదానం అన్న డబ్బా తెరిచాడు. మొదట చేతికి వచ్చింది నాదే.

"దానమ్మ భర్త జకరయ్య మనసు మారి ఇంటికి తిరిగి రావాలి. ఎవురు మోస్తారు?"

లూదియా చెయ్యెత్తింది. "నేను మోస్తా తాతా" అంది.

ఆ చెయ్యి చూశాక నేను కూర్చోలేకపోయాను. లేచి, "ఆ చీటీ పాపకియ్యాకన్నా. నాకియ్యి. సాక్ష్యముంది" అన్నాను.

మందిరం ఒక్కసారి హోరెత్తింది. సాక్ష్యముందంటే జవాబు వచ్చిందని అర్థం. సువార్తమ్మక్క రెండు చేతులూ పైకెత్తి, "వచ్చినాడా! మే, జకరయ్య వచ్చినాడా!" అని అరిచింది. ఎవరో కంజిర అందుకున్నారు. లూదియా ముఖం ఎలా వెలిగిందో నేను చచ్చేదాకా మరిచిపోను. దేవదానం అన్న చీటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"రాల్యా" అన్నాను. "జకరయ్య పోయి రెండేండ్లయినాది. గుండెపోటు. నాకు అప్పుడే తెల్సు. మీకు చెప్పల్యా."

కంజిర ఆగిపోయింది.

"రెండేండ్లు మీ అందరి చేతా సచ్చినోని కోసరం ప్రార్థన చేయించినా. మీరెవురూ తప్పు చేయల్యా. తప్పు నాది."

జానకమ్మ చెప్పిన శుక్రవారం సంగతి కూడా చెప్పాను. అది దాచుకుందామనే అనుకున్నాను, కానీ సగం నిజం చెప్పడం నాకు ఇక చేతకాలేదు. అయ్యగారు మంచివారు, నన్ను కాపాడాలనే చూశారు. లేచి, "చూసినారా సంఘమా, మన ప్రార్థన అతని హృదయాన్ని తాకింది! అతనూ ఉపవాసమున్నాడు!" అన్నారు. ఒకరిద్దరు స్తోత్రం అనబోయారు.

"తాకినాది అయ్యగారూ. ఆయప్పకు ఇనపడినాది. ఇని గూడా రాల్యా" అన్నాను. "నేను గూడా పోల్యా. గంట బస్సు. ఇద్దరమూ దేవునికి చెప్పుకున్యాం. ఒగరికొగరం చెప్పుకోల్యా. దేవుడేం చేస్తాడు, మధ్యలో?"

అయ్యగారు కూర్చున్నారు. నేను లూదియా వైపు తిరిగాను. "నన్ను సూసి ఈడ ఉండాకు పాపా. నాది విశ్వాసం కాదు. ఫస్టు పొగరు, తరువాత భయం. ఆయన కావల్లనుకుంటే బెంగుళూరు పోయి ఎదురుగా నిలబడి అడుగు. వద్దనుకుంటే కదిరి పో. ఈడ మాత్రం కూసోవద్దు."

లూదియా సంచి తీసుకుని బయటికి పోయింది. నేను వెంట పడ్డాను. గేటు దగ్గర ఆగింది గానీ నా వైపు తిరగలేదు.

"రెండేండ్లు నీ ఇంట్లో అన్నం తిన్యా. ప్రతి శుక్రారం ఆయప్ప కోసరం మోకాళ్లేసినా. ఒగ్గసారన్నా చెప్పబుద్ధి కాల్యా నీకు?"

"కాల్యా."

"ఎందుకు?"

"నువ్వు వస్తాంటివి గదా" అన్నాను. ఇంకో కారణం నా దగ్గర లేదు.

ఆ పిల్ల ఆటో ఆపి ఎక్కి పోయింది. ఆదివారం హాస్టలు ఖాళీ చేసిందని, సోమవారం కదిరిలో చేరిందని వార్డెను మేడం చెప్పింది. నా ఫోను తీయలేదు. నయోమి ఇంకో కోడలు ఓర్పా ఉంది కదా, ఏడ్చి, అత్తను ముద్దుపెట్టుకుని వెనక్కి పోయింది. ఆమె గురించి ఎవరూ ప్రసంగం చేయరు. ఓర్పా బాగుండాలని ఆ రాత్రి నేను ప్రార్థన చేశాను. లూదియా ముద్దు కూడా పెట్టలేదు, అయినా సరే.

ఆ ఆదివారం మందిరంలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ ఒక మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేను కూడా నాలుగు అనేదాన్ని. వందనాలు చెప్పి తప్పుకుని పోయారు. చచ్చినవాడి చీటీని ఇంటికి మోసిన తమ సంచుల్లోకి వాళ్లు ఎలా చూసుకుని ఉంటారో నాకు తెలుసు, అందుకే వాళ్లను తప్పు పట్టలేదు. ఆ వారం హాస్టల్లో నూట పది మందికి వండాను. గదిలో పొయ్యిని తిట్టబుద్ధి కాలేదు. గురువారం వచ్చేసరికి ఒక సంగతి తట్టింది. పదకొండేళ్లలో నేను డబ్బాలో వేసిన కాగితాలన్నీ జకరయ్యవే. జకరయ్యకు ఏం కావాలో రాశాను. నాకేం కావాలో ఒక్కసారీ రాయలేదు. నోరున్నదాన్ని, అదొక్కటీ ఎవరితోనూ అనలేదు.

హాస్టలు లెక్కల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాశాను. శుక్రవారం దాన్ని డబ్బాలో వేసి వెనక వరసలో కూర్చున్నాను.

దేవదానం అన్న ఒక్కొక్కటే చదువుతూ వచ్చాడు. ఒకరికి కీళ్ల నొప్పులు, ఒకరి కొడుక్కి ఇంటర్వ్యూ, ఒకరికి ఇంటి పట్టా. అన్నిటికీ చేతులు లేచాయి. తర్వాత ఒక కాగితం విప్పి చాలాసేపు చూశాడు. చదవకుండా పక్కన పెడతాడేమో అనుకున్నాను. చదివాడు.

"దానమ్మకు ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. దిగులుగా ఉంది."

ఆయన కళ్లజోడు తీసేశాడు. "ఎవురు మోస్తారు?" అన్నాడు.

ఎవరూ చెయ్యెత్తలేదు. నా చీటీని నమ్మమని వాళ్లను ఏ ముఖంతో అడగాలి? నేను నా చేతి వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాను. దేవదానం అన్న మాత్రం ఇంకో చీటీ తీయలేదు. కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బయట రైలు పోయిన చప్పుడు వచ్చి, పోయి, ఆగిపోయేదాకా నిలబడ్డాడు.

"ఇట్లియ్యన్నా" అని సువార్తమ్మక్క లేచింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా ముందుకు పోయి చీటీ తీసుకుంది. ఎప్పుడూ వీధి చివరిదాకా వినపడే గొంతు, ఆరోజు ముందు వరసకు కూడా సరిగా వినపడలేదు. నాకు వినపడింది.

"ప్రభువా, నేను నాలుగిండ్ల అవతలే ఉండా. రోజూ ఆయమ్మ వాకిలి ముందర్నే పాలకు పోతాండా. పదకొండేండ్లు ఆయమ్మ మొగున్ని తెచ్చియ్యమని నిన్ను అడిగినా. ఆయమ్మ తిన్యాదా, పండుకున్యాదా అని ఆయమ్మను ఒగ్గదినం గూడా అడగల్యా. ఒగ్గసారి గూడా ఆ గడప తొక్కల్యా. నన్ను క్షమించు నాయనా."

చీటీ రవికెలో దోపుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది, సువార్తమ్మక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.